ఎలిజబెత్ అక్కకి ఏమీ లేదు

ఎలిజబెత్‌కి వారానికో జబ్బు వచ్చేది. ఆదివారం పొద్దున చర్చికి నిక్షేపంగా వెళ్ళొచ్చిన మనిషి, సోమవారం టిఫిను వేళకి గుండెజబ్బుతో దిగేది. ఆ గుండె కాస్త కుదుటపడేసరికి ఊపిరితిత్తులు అందుకునేవి. ఊపిరితిత్తులు సర్దుకున్నాయనుకుంటే కాలేయం మొరాయించేది. జలుబూ తలనొప్పీ లాంటి చిన్నాచితకా వాటిని ఆమె దగ్గరికే రానిచ్చేది కాదు. వస్తే పుస్తకంలో నాలుగైదు పేజీలు ఆక్రమించిన జబ్బే రావాలి.

మెడిసిన్ చదివేవాళ్ళకి, చదివిన జబ్బల్లా తమకే ఉందనిపించడం కొత్తేమీ కాదు. ప్రతివాళ్ళూ కొన్నాళ్ళు అద్దంలో నాలుక చూసుకుని, నాడి పట్టుకుని, గుబులుపడి, ఆ తర్వాత చదవాల్సింది కొండలా పెరిగిపోయి, జబ్బు పడే తీరికలేక మానేస్తారు. విజయవాడలో ఈ కథ జరిగిన మెడికల్ కాలేజీలోనూ అంతే. ఎలిజబెత్‌కి మాత్రం ఆ పిచ్చి ఫైనలియర్‌కి వచ్చాక తగ్గకపోగా ముదిరింది. పైగా ఆమెకొచ్చిన ఏ జబ్బూ ఆమె ఆకలి జోలికి వెళ్ళేది కాదు. "లివరు పూర్తిగా పోయిందే" అని మెస్సులో గోడకి చేరగిలబడి, అదే గొంతుతో "ఇంకో రెండు పూరీలు" అని కేకేసేది. వడ్డించే దానమ్మ ఆ ప్లేటుకేసి చూసి, "ఈ జబ్బేదో నాకూ రాకూడదూ!" అనేది.

అలాంటి ఎలిజబెత్‌ని రెండో సంవత్సరం నాగవేణికి మెంటర్‌గా వేశారు. ఇద్దరిలో ఎవరిమీద జాలిపడాలో హాస్టలుకి వెంటనే తేలలేదు.

నాగవేణిది పెడన. అమ్మ చౌడేశ్వరమ్మ, నాన్న మల్లేశ్వరరావు మగ్గం మీద బతికేవాళ్ళు. కూతురికి సీటొచ్చిన రోజు నుంచీ మల్లేశ్వరరావు వీధిలో ఎవరు నలతగా ఉందన్నా, "కాస్త ఓపిక పట్టండి. మా పిల్ల చదువైపోగానే చూస్తది" అని భరోసా ఇస్తున్నాడు. పాపం, వాళ్ళూ ఓపిక పట్టే ఉన్నారు. అయితే వాళ్ళ డాక్టరమ్మకి మనిషిని ముట్టుకోవాలంటే హడలని ఆ వీధిలో ఎవరికీ తెలీదు.

పుస్తకమంటే నాగవేణికి భయం లేదు. మొదటి సంవత్సరంలో శవాల దగ్గరా భయపడలేదు. అవి నొప్పి అనవు, ముఖం చిట్లించవు, "కొత్తా అమ్మా నువ్వు?" అని అడగవు. రెండో సంవత్సరంలో వార్డులో అడుగుపెట్టాక, ప్రాణమున్న మనుషుల్ని చూసి ఆమె చేతులు చల్లబడిపోయాయి. చల్లబడిన చేతులు వణికాయి. చేతులు వణికితే నాలుక తడబడింది. అలా తడబడుతూనే మొదటి వార్డు పరీక్షకి వెళ్ళింది.

పరీక్ష పెట్టింది మెడిసిన్ ప్రొఫెసర్ జ్ఞానేశ్వర్ గారు. మంచం మీదున్న ఓ ముసలావిడని చూపించి, "స్ప్లీన్ ఎలా ఉందో చూసి చెప్పు" అన్నారు. స్ప్లీన్ ఎడమవైపు పక్కటెముకల కింద దాక్కుని ఉంటుంది. మామూలుగా చేతికి తగలదు. మలేరియా వంటివి వచ్చి పెరిగితేనే కిందికి దిగి వేళ్ళకి తగులుతుంది. ఎంత దిగిందో వేళ్ళతోనే కొలుస్తారు. ఇదంతా నాగవేణికి కంఠతా వచ్చు. చెయ్యి వేసిందో లేదో ముసలావిడ కెవ్వుమంది.

"అమ్మో! ఐసుగడ్డ పెట్టావేంటి తల్లీ!"

నాగవేణి ఠక్కున చెయ్యి తీసేసింది. మళ్ళీ వెయ్యడానికి ధైర్యం చాల్లేదు. ప్రొఫెసర్‌గారు కళ్ళజోడు పైనుంచి చూస్తున్నారు. స్ప్లీన్ చూడమన్నారంటే పెరిగే ఉంటుంది, లేకపోతే ఎందుకు చూడమంటారు అనుకుంది.

"తగిలింది సార్. రెండు వేళ్ళు."

ఆయన నింపాదిగా ముసలావిడ వైపు తిరిగారు. "పెద్దమ్మా, నీకు ఆపరేషను ఎందుకయింది?"

"లారీ గుద్దింది కదయ్యా. లోపల అదేదో చితికిపోయిందని తీసేశారు."

ఆ అదేదో స్ప్లీనే. జ్ఞానేశ్వర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చాలామంది పెరగని స్ప్లీన్‌ని పెంచారమ్మా. లేనే లేని స్ప్లీన్‌ని రెండు వేళ్ళు పెంచింది మాత్రం నువ్వొక్కదానివే. దుప్పటి ఇంకొంచెం తీస్తే కుట్ల మచ్చ కనపడేది. అడిగితే ఆవిడే చెప్పేది."

సాయంత్రానికి ఆ మాట కాలేజీ అంతా పాకింది. పరీక్ష తప్పినవాళ్ళకి ఇంకో అవకాశం ఇస్తామన్నారు. అదీ తప్పితే వార్డు పోస్టింగంతా మళ్ళీ మొదటినుంచి, జూనియర్లతో కలిసి. ఈలోగా ఒక్కొక్కరికీ ఒక్కో సీనియర్‌ని తోడిచ్చారు. నాగవేణి మాత్రం రెండోసారీ తప్పితే పెడన వెళ్ళిపోవాలని నిశ్చయించుకుంది. ఆ సంగతి రూమ్మేటు సాయిశ్రీకి ఒక్కదానికే చెప్పింది.

"మగ్గం దగ్గర నా చేతులు వణకవే" అంది.

"పిచ్చి మాటలు మాట్లాడకు. ఇంతకీ నీ మెంటర్ ఎవరు?"

"ఎవరో ఎలిజబెత్ అట."

సాయిశ్రీ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "జబ్బులక్కా? అయిపోయావు. ఆమె నీకు పాఠం చెప్పేదేంటి, నువ్వే ఆమెకి సేవ చెయ్యాలి!"

నాగవేణి భయపడుతూనే ఎలిజబెత్ గది తలుపు కొట్టింది. లోపల మంచం మీద ఎలిజబెత్, మెడ దాకా దుప్పటి, నుదుటి మీద తడిగుడ్డ.

"నమస్తే మేడమ్..."

"మేడమ్ అనకు, బీపీ పెరుగుతుంది. అక్కా అను. సమయానికొచ్చావు. నా గుండె ఆగి ఆగి కొట్టుకుంటోంది."

నాగవేణి పై ప్రాణాలు పైనే పోయాయి. వెంటనే క్యాజువాలిటీకి ఫోను చేసింది. డ్యూటీలో ఉన్న యేసుకుమార్ అనే పీజీ డాక్టరు ఎత్తాడు. ఇక్కడొక అక్కకి గుండె ఆగిపోతోంది సార్, అంబులెన్సు పంపండి అని ఆమె ఒకటే ఏడుపు.

"పేషెంటు పేరు?"

"ఎలిజబెత్ సార్."

అవతల పెద్ద నిట్టూర్పు. "బతికే ఉంటుందిలేమ్మా. నువ్వు కాస్త మంచినీళ్ళు తాగు" అని పెట్టేశాడు.

ఎలిజబెత్ ఒక కన్ను తెరిచింది. "చూశావా, నా బతుకు? ఇక్కడ నాకు దిక్కెవరూ లేరు. నువ్వే చూడాలి. స్టెత్ తీసుకో."

తప్పేదేముంది? నాగవేణి వణుకుతున్న చేత్తో స్టెతస్కోపు ఆనించింది. చాలాసేపు విన్నది. ఏదో కిర్రు కిర్రుమంటోంది.

"ఏదో... శబ్దం ఉన్నట్టుందక్కా."

ఎలిజబెత్ ముఖం వెలిగిపోయింది. "ఉందా? నే చెప్పలా! ఎలాంటి శబ్దం?"

"కిర్రుమని..."

ఎలిజబెత్ చెయ్యి చాచి ఫ్యాను కట్టేసింది. కిర్రు కూడా ఆగిపోయింది.

"ఫ్యాను జబ్బు నాకు అంటగట్టావు. మళ్ళీ విను" అంది నీరసంగా.

ఆ వారమంతా నాగవేణి ఆమె గుండె వింటూనే ఉంది. లబ్ డబ్ తప్ప మరోటి లేదు. ఆఖరికి బితుకు బితుకుమంటూ ఆ మాటే చెప్పింది. "మామూలుగానే ఉందక్కా." ఎలిజబెత్ ఆ మాటకి ఎంత నొచ్చుకుందంటే, మధ్యాహ్నం మూడోసారి అన్నం పెట్టించుకునేటప్పుడు నాగవేణి వైపు చూడనైనా లేదు.

గుండె తర్వాత ఊపిరితిత్తులు. మద్దెల వాయించినట్టు వీపంతా వేలితో కొట్టి చూడమనేది. "నీరు చేరింది కదూ?" అని దీనంగా అడిగేది. నీరు లేదు, నిమ్ము లేదు. పక్క గదుల వాళ్ళు గోడలు కొట్టి, మీ వాయిద్యాలు ఆపుతారా లేదా అని అరిచేవారు.  నాగవేణికి పరీక్ష దగ్గర పడుతోంది. మిగతా మెంటర్లు తమ జూనియర్లకి ప్రశ్నలూ జవాబులూ నూరిపోస్తున్నారు. తనకి దొరికిన ఈవిడ మాత్రం ఒక్క పాఠమైనా చెప్పదు. వెళ్ళకపోతే అలుగుతుంది. వెళితే పడుకుంటుంది.

"ప్రొఫెసర్‌గారికి చెప్పి మెంటర్‌ని మార్పించుకోవే" అనేది సాయిశ్రీ.

"పాపం, ఆమెకి ఇక్కడ ఎవరూ లేరటే."

"ఉన్న ఒక్కదానివీ పోతున్నావుగా పెడన!"

కామెర్ల వారం మరీ దారుణం. కళ్ళలో పసుపు చూడాలంటే ఎండ వెలుతురే కావాలి, ట్యూబులైటు పనికిరాదు. ఆ సంగతి ఎలిజబెత్‌కి బెంజ్ సర్కిల్లో ఆటో దిగుతుండగా గుర్తొచ్చింది. అక్కడే ఫుట్‌పాత్ మీద నిలబడి రెండు కళ్ళూ విప్పార్చింది. "చూడు, చూడు, మంచి ఎండ."

"అక్కా, ఇక్కడా? అందరూ చూస్తున్నారు."

"చూడనీ. కింది రెప్ప లాగు. భయపడకు, ఊడిరాదు."

నాగవేణి రెప్ప లాగింది. చెరుకురసం బండివాడు మిషను ఆపి చూశాడు. ఓ ఆటో డ్రైవరు దగ్గరికొచ్చి, "కామెర్లా అమ్మా? మా ఊళ్ళో పసరు పోస్తారు" అని వివరాలు చెప్పబోయాడు. ఇంకొకాయన తన కళ్ళు కూడా ఓసారి చూడమన్నాడు. ఈ గోల త్వరగా తెమిలిపోతే చాలనుకుంది నాగవేణి.

"కొంచెం పచ్చగా ఉన్నట్టున్నాయక్కా."

"కొంచెమంటే? ఉన్నాయా, లేవా?"

"అంటే... లేవు."

"మరి ఉన్నాయన్నావే?"

"లేవంటే మీరు బాధపడతారని."

"నేను బాధపడితే కళ్ళు పచ్చబడతాయా? లేనిది లేదని చెప్పడానికి ఏమొచ్చింది నీకు?" అని నడిబజార్లో ఎలిజబెత్ కేకలేసింది. ఆ కోపంలోనే రెండు గ్లాసుల చెరుకురసం తాగేసింది. నాగవేణి కళ్ళనీళ్ళు కుక్కుకుంటూ నిలబడింది. జబ్బు ఉందన్నా తిట్లే, లేదన్నా అలకే. ఈ మనిషితో ఎలా వేగాలో ఆమెకి అంతు చిక్కలేదు.

చివరికి స్ప్లీన్ వారం రానే వచ్చింది. ఆ పేరు వింటేనే నాగవేణికి ఒళ్ళు చల్లబడేది. ఎలిజబెత్‌కి మలేరియా వచ్చిందట. విజయవాడ దోమలు తన ఒక్కదాన్నే ఎంచుకుని కుడుతున్నాయట. మంచమెక్కి పడుకుని, నాగవేణి చేతికి వేడి టీ గ్లాసు ఇచ్చింది.

"నాకొద్దక్కా, టీ తాగను."

"తాగమన్నదెవరు? పట్టుకో. నీ చల్లటి చేతులతో నన్ను ముట్టుకుంటే మలేరియా సంగతేమో గాని న్యుమోనియాతో పోతాను."

రోజూ అదే తంతు. చేతులు వేడెక్కేదాకా గ్లాసు పట్టుకోవడం, ఊపిరి పీల్చమని చెప్పడం, కుడివైపు కింది నుంచి మొదలుపెట్టి ఎడమ పక్కటెముకల దాకా నెమ్మదిగా రావడం. "చెయ్యి పొట్ట మీద ఉంచి పుస్తకం గుర్తు చేసుకుంటావేంటే? నా ముఖం చూడు. నొప్పి పుడితే ముందు ముఖమే చెప్తుంది" అనేది ఎలిజబెత్. నాగవేణి చూసేది.

"తగల్లేదక్కా."

"సరిగ్గా చూడు. రెండు వేళ్ళు ఉంటుంది."

"లేదక్కా."

"పోనీ ఒక వేలు?"

"లేదు."

బీసెంట్ రోడ్డులో చీర బేరం చేస్తున్నట్టు ఎలిజబెత్ దిగుతూ వచ్చేది. "అర వేలైనా లేదా? నీ నోటితో ఆ అర వేలు అంటే నీ సొమ్మేం పోయింది?"

"లేనిది ఎలా అంటానక్కా!"

ఎలిజబెత్ గోడవైపు తిరిగి పడుకునేది.

మంగళవారం పరీక్షనగా శుక్రవారం సాయంత్రం నాగవేణి సహనం చచ్చిపోయింది. ఆ రోజు పొద్దున పెడన నుంచి నాన్న ఫోను చేసి, "పక్కింటి రంగమ్మకి మోకాళ్ళు వాచాయి, నువ్వొచ్చేదాకా ఆగమన్నా" అన్నాడు. అప్పటినుంచీ ఆమెకి అన్నం సయించలేదు. పుస్తకం తెరిస్తే అక్షరాలు అలుక్కుపోతున్నాయి. అలాంటప్పుడు ఎలిజబెత్ మళ్ళీ పిలిచింది, స్ప్లీన్ నిన్నటికంటే బరువుగా ఉందని.

"మీకేం లేదు!" అని నాగవేణి అరిచేసింది. "స్ప్లీన్ లేదు, గుండెజబ్బు లేదు, కామెర్లు లేవు. మీకెప్పుడూ ఏమీ లేదక్కా! నాకు పరీక్ష ఉంది. నా బతుకు ఉంది. ముందు మీరు ఎవరైనా మంచి డాక్టరుకి చూపించుకోండి!"

 ఎలిజబెత్ లేచి కూర్చుంది.

"నిజంగా ఏమీ లేదా?"

"లేదు."

"ఎవరడిగినా అదే చెప్తావా?"

"ఎవరడిగినా అదే చెప్తాను!"

"సరే, వెళ్ళి చదువుకో" అంది ఎలిజబెత్ మెల్లిగా.

ఆ మెల్లిగా అన్న మాటే నాగవేణిని నిద్రపోనివ్వలేదు. అంత మాట ఎందుకన్నానా అని శనివారమంతా కుమిలింది. ఆదివారం క్షమించమని అడగడానికి వెళితే గది తాళం వేసి ఉంది. ముఖానికి చున్నీ చుట్టుకుని, బ్యాగు పట్టుకుని అక్క బస్టాండు వైపు వెళ్ళిందని దానమ్మ చెప్పింది. వేసవి కాలం విజయవాడలో ఆడపిల్లలందరూ ముఖానికి చున్నీ చుట్టుకునే తిరుగుతారు గనక దానమ్మకి అందులో వింతేమీ కనపడలేదు. నాగవేణి ఫోను చేసింది.

"అక్కా, ఎక్కడున్నారు? ఇవాళ... ఇవాళ ఏ జబ్బు?"

అవతలి గొంతు ముద్దముద్దగా ఉంది. "ఏ జబ్బూ లేదు. బావున్నాను. పరీక్షయ్యేదాకా నాకు ఫోను చెయ్యకు." పెట్టేసింది.

ఎలిజబెత్‌కి జబ్బు లేదట! నాగవేణికి కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. అక్క ఏడ్చి ఏడ్చి గొంతు పూడుకుపోయిందని, తన ముఖం చూడ్డం కూడా ఇష్టం లేక మైలవరంలో వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయిందని తేల్చుకుంది. ఇన్నాళ్ళూ తలనొప్పి అనుకున్న మనిషి లేకపోయేసరికి సాయంత్రాలు ఎలా గడపాలో తెలియలేదు. సాయిశ్రీ పొట్ట అరువిస్తానంది గాని, చక్కిలిగింతలని మంచం మీంచి కింద పడింది.

మంగళవారం వచ్చింది. వార్డు బయట పరీక్ష తప్పిన బ్యాచంతా వరసగా నిలబడ్డారు. వైద్య విద్యార్థుల్లో ఒక ఆచారముంది. లోపలికెళ్ళి వచ్చినవాడు, బయట వేచి ఉన్నవాళ్ళ చెవిలో జవాబు ఊదకుండా వెళ్ళడు. అది స్నేహధర్మం. కిరణ్‌కుమార్ అనేవాడు చెమట తుడుచుకుంటూ బయటికొచ్చి ఆ ధర్మం నిలబెట్టాడు.

"మలేరియా కేసు. స్ప్లీన్ రెండు వేళ్ళు. అందరం అదే చెప్పాం. నువ్వు కష్టపడి చూడక్కర్లేదు, చెప్పెయ్."

మళ్ళీ స్ప్లీనే. మళ్ళీ రెండు వేళ్ళే. నాగవేణి అరచేతులు చల్లబడిపోయాయి. వాటిని పరపరా రుద్దుకుంటూ లోపలికెళ్ళింది.

తెర వెనక మంచం మీద ఓ నడివయసు మనిషి దుప్పటి కప్పుకుని మూలుగుతున్నాడు. పక్కన జ్ఞానేశ్వర్ గారు, కళ్ళజోడు.

"సొలొమోను అని, ఇతనికి వారం నుంచి చలిజ్వరం. స్ప్లీన్ చూడు."

నాగవేణి ముందు పేషెంటుకి నమస్కారం పెట్టింది. ఆపరేషన్లేమైనా అయ్యాయా, ఎక్కడైనా నొప్పిగా ఉందా అని అడిగింది. లేవన్నాడు. దుప్పటి తీయొచ్చా అని అడిగి తీసింది, మచ్చల్లేవు. చేతులు ఇంకోసారి రుద్దుకుని, బుగ్గకి ఆనించి చూసుకుని, అప్పుడు వేసింది. సొలొమోను ఉలిక్కిపడలేదు. "ఊపిరి పీల్చండి" అంది. ఆమె కళ్ళు అతని ముఖం మీదే ఉన్నాయి. కుడివైపు కింది నుంచి ఎడమవైపు పైకి నెమ్మదిగా వచ్చింది. పక్కకి తిప్పి మళ్ళీ చూసింది. సొలొమోను మాత్రం మూలుగుతూనే ఉన్నాడు, ఆమె నొక్కినప్పుడూ నొక్కనప్పుడూ ఒకే తీరుగా.

వేళ్ళకి ఏదీ తగల్లేదు.  రెండు వేళ్ళు అంటే బయటపడిపోవచ్చు. బ్యాచంతా అదే చెప్పింది. అంతమంది తప్పు చెప్తారా?

"ఏమ్మా?"

"తగల్లేదు సార్."

"మళ్ళీ చూడు."

మళ్ళీ చూసింది. "తగల్లేదు సార్."

ఆయన గొంతు పెంచారు. "మీ బ్యాచ్‌లో ప్రతివాళ్ళకీ తగిలింది. నీ ఒక్కదానికే తగల్లేదా? పోయినసారి లేనిచోట దొరికిందే! పోనీ, ఒక వేలు?"

ఒక వేలు అన్న మాట వినగానే ఆమెకి భయం పోయి చిరాకు వచ్చింది. ఈ బేరం ఆమెకి కొత్త కాదు.

"ఒక వేలు లేదు సార్, అర వేలు కూడా లేదు. మీరు కోప్పడినా లేదు."

 జ్ఞానేశ్వర్ గారు మంచం వైపు తిరిగారు. "ఇక లేవయ్యా సొలొమోనూ, లిఫ్టు దగ్గర జనం గోల చేస్తున్నారు."

సొలొమోను దుప్పటి తీసేసి, లేచి, ఖాకీ చొక్కా తొడుక్కున్నాడు. ఆస్పత్రి లిఫ్టు నడిపేది అతనే. "మూలిగింది బానే ఉందా సార్?" అని అడిగి వెళ్ళాడు.

"జబ్బున్నవాళ్ళకి జబ్బుందని ఎవరైనా చెప్తారు. పాస్. ఇంతకీ ఇంత నిబ్బరంగా లేదని చెప్పడం ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నారు ప్రొఫెసర్‌గారు.

"మా అక్క దగ్గర సార్" అంది నాగవేణి. అన్నాక ఆ మాట తన చెవికే కొత్తగా వినపడింది. బయటికొచ్చి సాయిశ్రీ భుజం మీద తల పెట్టి భోరుమంది. పరీక్ష తప్పిందనుకుని సాయిశ్రీ కూడా ఏడ్చింది.

ఆ మధ్యాహ్నమే నాగవేణి మైలవరం బస్సెక్కింది. అక్క తలుపు తీస్తుందో లేదో, తీసినా మాట్లాడుతుందో లేదోనని దారంతా బెంగే. ఇల్లు కనుక్కుని తలుపు కొడితే ఎలిజబెత్ వాళ్ళమ్మ తెరేసమ్మ తీసింది.

"నువ్వేనా నాగవేణివి? రామ్మా. మూడ్రోజుల్నించీ ఇదొక్కటే గొడవ. పిల్ల పరీక్ష ఏమైందో, చేతులు వెచ్చ చేసుకుందో లేదోనని."

"అక్కకి నామీద కోపం లేదా అండీ?"

"కోపమెందుకే?"

"అక్కకి ఎప్పుడూ ఏదో ఒక జబ్బు కదండీ, నేనే విసుక్కుని..."

తెరేసమ్మ వింతగా చూసింది. "మా ఎలిజబెత్‌కా? జబ్బా? అది పుట్టి బుద్ధెరిగాక తుమ్మగా కూడా నేను చూళ్ళేదు. స్కూలు ఎగ్గొడదామంటే జొరమైనా రాదని ఏడ్చేది. ఇదిగో, దాని బతుక్కి మొదటి జబ్బు ఈ ఆదివారం వచ్చింది."

నాగవేణి అక్కడే గడపలో నిలబడిపోయింది. తమ బ్యాచ్‌కి గుండె పాఠమైన వారం అక్కకి గుండె. తమకి ఊపిరితిత్తులైతే ఆమెకీ ఊపిరితిత్తులు. ఫైనలియర్ వాళ్ళు ఆ వారాల్లో చదివింది కాన్పులూ పసిపిల్లలూ. అక్క ఒక్కసారైనా తన సిలబస్‌లో జబ్బు పడలేదు. ఎంత మొద్దునో అనుకుంది నాగవేణి. కళ్ళు చెమర్చాయి, నవ్వూ వచ్చింది.

లోపలి గదిలో ఎలిజబెత్ ముఖం నిండా చున్నీ చుట్టుకుని కూర్చుంది. "లోపలికి రాకు! అక్కడే నిలబడి చెప్పు, పాసయ్యావా?"

"పాసయ్యాను. మీకేమైందక్కా?"

"నాకేం? భేషుగ్గా ఉన్నాను."

నాగవేణి లోపలికెళ్ళింది. రెండు అరచేతులూ రుద్దుకుని, చున్నీ విప్పి, దవడల కింద మెల్లిగా చెయ్యి వేసింది. రెండు బుగ్గల్లోనూ చెరో లడ్డూ పెట్టుకున్నట్టు ఎలిజబెత్ ముఖం గుండ్రంగా ఉబ్బిపోయింది.

"మీకు గవదబిళ్ళలక్కా. నిజంగా జబ్బే. లేదంటే ఒప్పుకోను."

ఎలిజబెత్ చున్నీ మళ్ళీ లాక్కోబోయి మానేసింది.

"ఎందుకక్కా అదంతా? ఫ్యాను కిందా, నడిరోడ్డు మీదా... అందరూ నవ్వేవాళ్ళు కదా మిమ్మల్ని?"

"నవ్వితే ఏం పోయింది?" అంది ఎలిజబెత్ ముద్దముద్దగా. "నేను మొట్టమొదట చెయ్యి వేసింది ఓ లంక ఊరి తాత మీద. నా చెయ్యి వణుకుతుంటే ఆయన నొప్పి ఓర్చుకుంటూ, 'పర్లేదమ్మా, నేర్చుకో' అన్నాడు. అన్నం సయించలేదే ఆ రోజు నాకు. ఆ వణుకేదో రోగిష్టివాళ్ళ మీద ఎందుకు తీర్చుకోవాలి? నాది గుండ్రాయిలాంటి పొట్ట, నా మీద తీర్చుకుంటే పోలా! నీకు ముందు ఇంకొందరు జూనియర్లకీ ఇలాగే జబ్బు పడ్డాను. నేర్పిస్తానంటే నువ్వు బిగుసుకుపోతావు. జబ్బంటే జాలిపడి వస్తావు."

 నాగవేణి ఆమె చేతిని గట్టిగా పట్టుకుని కూర్చుంది. అక్కంటే ఆమెకి ఆ క్షణాన ఎంత ప్రేమ కలిగిందంటే, అది నోటితో చెప్పేస్తే ఇద్దరూ ఏడుస్తారని ఊరుకుంది.

"ముందు చెయ్యి వదులు, అంటుకుంటుంది" అని ఎలిజబెత్ గింజుకుంది. "ఆదివారం అద్దంలో చూసుకోగానే నాకు నువ్వే గుర్తొచ్చావు. పరీక్ష ముందు నీకు తగిలిస్తే? అందుకే ఎవరికీ చెప్పకుండా పారిపోయొచ్చా. ఇన్నాళ్ళ కష్టం గవదబిళ్ళల పాలవుతుందని ఎంత హడలి చచ్చానో తెలుసా!"

"నాకు మూడో తరగతిలోనే వచ్చాయక్కా. ఇంక రావు."

ఎలిజబెత్ ఉబ్బిన ముఖంతో గుడ్లప్పగించి చూసింది. "ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!"

"మీరు అడిగితేగా! మీ కేసు చూస్తే మా ప్రొఫెసర్‌గారు ఏమంటారో తెలుసా? పాత జబ్బుల హిస్టరీ తీసుకోకుండా పేషెంటుని వదిలేసి మైలవరం బస్సెక్కిన డాక్టరు మీరొక్కరే అంటారు."

ఎలిజబెత్ ఫక్కున నవ్వబోయి కెవ్వుమంది. నవ్వితే దవడలు పీకేస్తున్నాయి. రెండు చేతులతో రెండు బుగ్గలూ అదిమిపట్టుకుని, "నవ్వించకే తల్లీ, చచ్చిపోతున్నాను, ఫో అవతలికి" అంటూ దిండు పెట్టి నాగవేణిని బాదుతూ, ఏడుస్తూ, నవ్వుతూనే ఉంది.